ఆడపిల్లలకు మగపేర్లు – మన ఆచారము



నామకరణమునకు ముహూర్తము అడుగుటకై మద్దిలపాలెమున మా సత్సంగమునకు వచ్చు దంపతులు ఇటీవల తరచుగా ఒక సందేహమును వెలిబుచ్చుచున్నారు. అమ్మాయికి హర్ష అనియో, చైత్ర అనియో, సాయి అనియో పేరు పెట్టుకొనవలెనని వారి ముచ్చట. ఇంటిలోని పెద్దలు మాత్రము "అది మగపిల్లవాని పేరు, ఆడపిల్లకు తగదు" అని అడ్డు చెప్పుదురు. ఇరుపక్షములవారును శాస్త్రమేమి చెప్పుచున్నదని అడుగుదురు. అట్లు అడ్డు చెప్పు నాయనమ్మలలో ఒకరి పేరు విజయ, మరియొకరి పేరు వసంత అయియుండుట కద్దు. ఆ పేర్లు మగవారివని వారికి ఎవ్వరును చెప్పియుండలేదు. కనుక ఈ విషయమును కొంచెము మొదటినుండి విచారింతము.

మన విశాఖపట్టణ వాసులకు ఈ విషయమున దూరము పోవలసిన పని లేదు. సింహాద్రి అప్పన్న మన కొండమీదనే కొలువై యున్నాడు. ఉత్తరాంధ్రలో ఏ పల్లెకు పోయినను అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పలనరసయ్య, అప్పలమ్మ, అప్పలనరసమ్మ అను పేర్లు వినబడును. ఇవన్నియు ఆ స్వామి పేర్లే. వీటిలో అయ్య, అమ్మ అను చివరి మాటను బట్టి మగవారో ఆడవారో తెలియును. అయితే సింహాచలం అను పేరు కలదు. ఈ పేరు గల పురుషులు కలరు, ఇదే పేరు గల స్త్రీలును కలరు. అమ్మ అని చేర్చుట లేదు, దేవి అని చేర్చుట లేదు. కొండ పేరు కొండ పేరుగనే బిడ్డకు ఇచ్చిరి. కొడుకు పుట్టిన స్వామి మ్రొక్కు, కూతురు పుట్టినను స్వామి మ్రొక్కే.

ఇది చదువులేనివారి అమాయకత్వమని కొందరు పట్టణవాసులు చిరునవ్వు నవ్వుట మేము చూచియున్నాము. అట్లయినచో విజయనగర సామ్రాజ్ఞిని గూర్చి ఏమందురు? శ్రీకృష్ణదేవరాయలు 1516లో సింహాచలమునకు వచ్చి స్వామిని సేవించి కానుకలు సమర్పించిన సంగతి ఆలయ శాసనముల వలన మనకు తెలియును. ఆయన పట్టపురాణి పేరు తిరుమలదేవి. వారి కుమారుని పేరు తిరుమలరాయలు. తల్లికిని కుమారునికిని ఒకే కొండ పేరు! 1565లో తళ్ళికోట యుద్ధమున రామరాయలు మడిసిన పిమ్మట పెనుగొండకు రాజధానిని తరలించినవాడు ఆయన తమ్ముడు తిరుమలరాయలే. రాజగృహమును విడిచి భక్తుల గృహమునకు వచ్చినను ఇదే తీరు. తాళ్ళపాక అన్నమాచార్యులవారి భార్య తిరుమలమ్మ. తిమ్మక్కగా ప్రసిద్ధురాలు, సుభద్రా కల్యాణమును రచించిన విదుషీమణి. అన్నమయ్య కుమారుడు పెద తిరుమలాచార్యుడు, మనుమడు చిన తిరుమలాచార్యుడు. ఏడుకొండల పేరు ఆ యింట ఆడవారికని, మగవారికని పంచిపెట్టబడలేదు. అందరిదిగ నుండెను.

మన తెలుగు దేశమున దేవుడు పురుషుడైనను, ఆయన పేరును ఆడబిడ్డకు పెట్టుట ఎన్నడును తప్పుగా తోచలేదు. వేంకటేశ్వరుని పేర వెంకటమ్మ, నరసింహుని పేర నరసమ్మ, సుబ్రహ్మణ్యుని పేర సుబ్బమ్మ, ఆంజనేయుని పేర అంజమ్మ, హనుమాయమ్మ, కోటప్పకొండ దేవుని పేర కోటేశ్వరమ్మ, సూర్యనారాయణమూర్తి పేర సూర్యనారాయణమ్మ. బ్రహ్మచారియైన హనుమంతుని పేరు కూడ ఆడపిల్లకు అబ్బినదనగా ఇక ఏ పేరు మిగిలినది! తాతగారు నరసింహం గతించిన యింట మొదట ఆడశిశువు కలిగినచో, మగశిశువు కలుగువరకు ఆ పేరును దాచి యుంచెడివారు కారు. నరసమ్మ అని పిలిచి, తాతగారు మరల వచ్చినారని సంతోషించెడివారు.

ఎదురు ఉదాహరణమును చూడుడు. విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవము దసరా తరువాతి మంగళవారమున జరుగును. ఆ ప్రాంతమున పైడితల్లి అను పేరు గల పురుషులు కలరు. తల్లి అను మాటయే పేరులోనున్నను మీసము గల మగవాడు ఆ పేరును మోయుచు సిగ్గుపడుట లేదు. ఇంకను పై మెట్టునకు పోదము. శంకర భగవత్పాదుల సంప్రదాయమున దశనామి సన్న్యాసులకుండు పది నామములలో సరస్వతి, భారతి అనునవి రెండు. కంచి పీఠమునలంకరించిన చంద్రశేఖరేంద్ర సరస్వతీ స్వామివారు, శృంగేరి పీఠమునలంకరించిన చంద్రశేఖర భారతీ స్వామివారు వాగ్దేవత పేరును ధరించినవారు. జగద్గురువులకు అమ్మవారి పేరు భూషణమైనపుడు, చంటిపాపకు అయ్యవారి పేరు దూషణమెట్లగును?

ఇక విజయ మాటకు వత్తము. సింహాచల స్వామి వరాహ నృసింహుడు. వరాహమూర్తి హిరణ్యాక్షుని, నృసింహమూర్తి హిరణ్యకశిపుని సంహరించెను. ఆ యిరువురును పూర్వము వైకుంఠ ద్వారపాలకులైన జయవిజయులే గదా! సనకాది మునుల శాపమున రాక్షసులై జన్మించి, స్వామి చేతిలో మరణించి, మూడు జన్మలకు మరల స్వస్థానము చేరిరి. ఆలయ ద్వారమునకు ఇరువైపుల గదలు ధరించి నిలుచు జయవిజయులు పురుషులే. అర్జునుని పది పేర్లలో విజయుడు ఒకటి. విరాటుని కొలువున పాండవులు తమలో తాము గుర్తించుకొనుటకు పెట్టుకొన్న రహస్యనామములలో ధర్మరాజునకు జయుడు, అర్జునునకు విజయుడు. (మద్దిలపాలెము అనగానే మాకు మద్దిచెట్టు మనసున మెదలును, మద్దిని సంస్కృతమున అర్జునమందురు. బాలకృష్ణుడు రోలీడ్చుచు కూల్చిన యమళార్జునములు మన తెలుగున జంట మద్దులే.) ఇంత బలమైన మగపేరు నేడు ఆడవారి పేరెట్లయినది?

మొదటి సంగతి, అది ఎన్నడును మగవారిది మాత్రమే కాదు. పార్వతీదేవి చెలికత్తెలు జయ, విజయ. భారతమున సహదేవుని భార్యలలో మద్రరాజ పుత్రిక పేరు విజయ. అనగా పాండవుల యింట బావగారు విజయుడు, మరదలు విజయ! సంస్కృతమున ఈ రెంటికిని భేదమున్నది. మగవాడు విజయః, ఆమె విజయా, చివర దీర్ఘము. తెలుగున ఆ దీర్ఘము నిలువదు. రమా అనునది రమ అగును, సీతా అనునది సీత అగును, గౌరీ అనునది గౌరి అగును. మగవానికైతే డు అను ప్రత్యయము చేరి విజయుడు, రాముడు అగును. 1858లో వెలువడిన చిన్నయసూరిగారి బాలవ్యాకరణము ఈ తత్సమ రూపములను వివరించినది. కనుక పూర్వము మన భాషలో గందరగోళము లేదు. విజయుడనగా మగవాడు, విజయ యనగా ఆడది.

అయితే నిత్యవ్యవహారమున కొడుకును విజయుడని పిలుచువారెవరు? విజయకుమార్, విజయభాస్కర్ అని పెట్టి విజయ అని క్లుప్తముగా పిలిచెడివారు. అట్లే విజయలక్ష్మి, విజయకుమారి ఇంట విజయ అయిరి. రెండు పిలుపులును ఒకటే యయినవి. అప్పుడు ఎవరో ఒకరు తప్పుకొనవలసి వచ్చినది. హిందీవారి ఉచ్చారణ ననుసరించి మగవారు చివరి అచ్చును విడిచి విజయ్ అయిరి. అచ్చు ఆడవారికి మిగిలినది. వసంత కథయు ఇదియే. వసంతుడు మన్మథుని చెలికాడు, ఆ శబ్దము పుంలింగము. వసంతలక్ష్మి కుదించుకొని వసంత కాగా, వసంతకుమారుడు వసంత్ అయి పక్కకు జరిగెను. కృష్ణ, శివ, సూర్య వంటివి మాత్రము ఈ మార్పునకు లోబడక మగపిల్లలవద్దనే చాలవరకు నిలిచినవి. మహాదేవతల పేర్లు గదా, అచ్చుతోనే పలుకవలెనను అలవాటు దృఢముగా నున్నది. కృష్ణ యనునది ద్రౌపది పేరు కూడ నని, మన కృష్ణానది స్త్రీయే నని ఇచట జ్ఞాపకము చేసికొనవచ్చును.

వీటికన్న విచిత్రమైనది ఇందు. సంస్కృతమున ఇందుః అనగా చంద్రుడు, పుంలింగము. చంద్రుడెవరు? దక్షప్రజాపతి కుమార్తెలగు 27 నక్షత్ర కన్యలకు భర్త. ఆ మహానుభావుని పేరు నేడు తెలుగునాట ఆడపిల్లల ఉయ్యాలలలోనే వినబడును; ఇందు అను మగపిల్లవానిని చూచినవారు అరుదు. కారణము స్పష్టమే. ఇందుమతి, ఇందువదన, ఇందిర అను పేర్లు ముద్దుగా కుదించుకొనగా ఇందు మిగిలినది. శశి కూడ చంద్రుడే, పుంలింగమే. శశిరేఖ పుణ్యమున ఆడపిల్లల పాలయినది. బిందు శబ్దము, హంస శబ్దము కూడ సంస్కృతమున పుంలింగములే.

మరి ఎదురు పోకడ లేదా యనగా, కలదు. శరత్తు సంస్కృతమున స్త్రీలింగ శబ్దము. సంపత్తు స్త్రీలింగ శబ్దము. మనమేమి చేసితిమి? శరత్, సంపత్ అని మగపిల్లలకు పెట్టితిమి. ఋతువులలో మగవాడైన వసంతుడు ఆడపిల్లయైనాడు, ఆడదైన శరత్తు మగపిల్లవాడైనది! దీనిని చూచి ఎవ్వరును కలవరపడుట లేదు. కొడుకునకు శరత్ అని పెట్టునపుడు "అది ఆడపేరు" అని అడ్డు చెప్పిన పెద్దలు మాకు ఇంతవరకు తారసపడలేదు. శబ్దమునకుండు లింగము వేరు, మనిషికుండు లింగము వేరు అని మన వైయాకరణులు ఏనాడో గ్రహించిరి. భార్య అను అర్థమున భార్యా శబ్దము స్త్రీలింగము, దార శబ్దము పుంలింగము, కలత్ర శబ్దము నపుంసకలింగము. ఇల్లాలు ఒక్కతే.

ఇక శాస్త్రము. ఆశ్వలాయన గృహ్యసూత్రము మగశిశువునకు సరిసంఖ్య గల అక్షరములతోను, ఆడశిశువునకు బేసిసంఖ్య గల అక్షరములతోను పేరుండవలెనని చెప్పినది. పారస్కర గృహ్యసూత్రము ఆడపిల్ల పేరు బేసి అక్షరములతోపాటు ఆకారాంతముగా నుండవలెనన్నది. మనుస్మృతి రెండవ అధ్యాయమున స్త్రీల పేరు సుఖముగా పలుకదగినదై, కఠినము గాక, అర్థము స్పష్టమై, మనోహరమై, మంగళకరమై, చివర దీర్ఘము కలిగి, ఆశీర్వాదమును సూచించునదై యుండవలెనని యున్నది. ఈ లెక్కన విజయా మూడక్షరములు. బేసి, ఆకారాంతము, మంగళకరము. అర్జునుని పేరు ఆడపిల్లకే శాస్త్రోక్తముగా అమరినది! సీతా, రాధా, ఉమా, రమా అనునవి రెండేసి అక్షరములు, సరిసంఖ్య. ఆ పేర్లు పెట్టుకొన్నవారు దోషమని ఎన్నడైన భయపడిరా?

అదే మనుస్మృతి మూడవ అధ్యాయమున నక్షత్రము, వృక్షము, నది, పర్వతము, పక్షి మొదలగువాటి పేర్లు గల కన్యను వివాహమాడరాదని చెప్పినది. ఆ మాటను అక్షరాల పాటించినచో రోహిణి, రేవతి, తులసి, గంగ, యమున, గోదావరి యను ఆడపడుచులకు పెండ్లి కాకూడదు. సింహాచలం, తిరుమల యను పేర్లు గలవారి సంగతి చెప్పనే అక్కరలేదు. రాయలవారు తిరుమలదేవిని పట్టపురాణిగ చేసికొనియుండకూడదు! మన పూర్వులు శాస్త్రమును నిరాకరించినవారు కారు. అయినను ఈ నియమము చెంత వారు ఆగలేదు. నది పేరు కేవలము నీటి పేరు గాక తల్లి పేరనియు, కొండ పేరు కేవలము రాతి పేరు గాక స్వామి పేరనియు భావించిరి. భక్తి ముందునకు రాగా ఆ నిషేధము వెనుకకు తగ్గినది. ఇది ఒకరిద్దరు చేసినది కాదు. తెలుగు నేలయంతయు శతాబ్దములుగా చేసినది. శిష్టాచారమును కూడ ధర్మప్రమాణముగ నంగీకరించినవి మన స్మృతులే.

కాబట్టి పేరు మగదా, ఆడదా అను ప్రశ్నకు మేమంత బరువీయము. మేమడుగునది వేరొకటి: ఆ పేరు ఏ మనసుతో పెట్టబడుచున్నది?

ఆడబిడ్డకు మగపేరు పెట్టుటలో రెండు దారులున్నవి. ఒకటి ఇంతవరకు చెప్పిన సింహాచలం దారి. రెండవది, కొడుకు పుట్టలేదను దిగులుతో, పుట్టిన కూతురును కొడుకు పేరుతో పిలిచి తృప్తిపడు దారి. ఇది కూడ క్రొత్తది కాదు. భారతమున ద్రుపదుడు పుత్రుని కోరి శివునిగూర్చి తపస్సు చేసెను. పుట్టినది ఆడశిశువు. ఆమెకు శిఖండి యని పేరు పెట్టి, పుత్రునికి చేయదగు సంస్కారములన్నియు చేయించి, లోకమునకు కుమారుడని చాటెను. దశార్ణ దేశాధిపతి హిరణ్యవర్మ కుమార్తెనిచ్చి వివాహము కూడ చేసిరి. గుట్టు బయటపడి హిరణ్యవర్మ దండెత్తి వచ్చునంత వరకు వచ్చినది. అప్పుడు తల్లిదండ్రుల దుఃఖమును చూడలేక, ప్రాణములు విడుతునని అరణ్యమునకు పోయినది ఆ బిడ్డయే. తప్పు చేసినది తండ్రి, చావబోయినది కూతురు. శిఖండి కథను భీష్మవధ కొరకే చదువుదుము గాని, ఈ భాగమును కన్నవారు ఒకసారి నిదానముగా చదువవలెను.

కాకతీయ రుద్రమదేవి సంగతి వేరు. గణపతిదేవుని కుమార్తెయైన ఆమె 1262 ప్రాంతమున అధికారమునకు వచ్చి 1289 వరకు ఏలినది. శాసనములలో రుద్రదేవ మహారాజు అని మగపేరుతో వ్యవహరింపబడినది. అంతకు నూరేండ్ల పూర్వము వేయిస్తంభముల గుడి కట్టించిన రుద్రదేవుని పేరే అది. ఆడది సింహాసనమెక్కుటను సహింపని సామంతులున్న కాలమున ఆ పేరు ఆమెకు కవచము. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనము ఆమె మరణమును 1289లో పేర్కొనుచున్నది. నేడు ఆమెను రుద్రదేవ మహారాజు అని ఎవ్వరును తలచుట లేదు. రుద్రమ్మ యనియే తలచుచున్నాము. కవచము రాలిపోయినది.

దిగులుతో పెట్టిన పేర్లు ఇతర దేశములలోను కలవు. ఇంగ్లాండున షిర్లీ అనునది పూర్వము మగవారి పేరు. 1849లో షార్లెట్ బ్రాంటీ యను రచయిత్రి ఆ పేరుతోనే ఒక నవల వ్రాసినది. అందు కథానాయిక తల్లిదండ్రులు కొడుకు కావలెనని కోరి, కూతురు పుట్టగా కొడుకునకు పెట్టదలచిన పేరునే ఆమెకు పెట్టిరని యున్నది. అటు పిమ్మట ఆ పేరు ఆడపిల్లలకు వ్యాపించినది. వ్యాపించిన వెనుక తండ్రులు కొడుకులకు ఆ పేరు పెట్టుట మానివేసిరి. ఆ దేశములలో ఇట్టి పేర్లు పలుమారులు ఒకే దారిన పోయినవి; ఆడపిల్ల తాకిన పేరును మగపిల్లవానికి పెట్టుట చిన్నతనమని భావించుట వలన. మన సింహాచలం అట్లు కాలేదు. అక్క సింహాచలమైనను, పొరుగింటి అబ్బాయికి సింహాచలం అని పెట్టుటకు ఎవ్వరును వెనుదీయలేదు. ఈ తేడాను మేము చాల గొప్పదిగా నెంచుచున్నాము.

మన దేశముననే, మహారాష్ట్రలోని సతారా జిల్లాలో, వరుసగ ఆడపిల్లలు పుట్టిన యిండ్లలో నకుశా యని పేరు పెట్టెడి ఆచారముండెను. నకుశా యనగా వలదనుకొన్నది. ప్రతిదినము, బడిలోను, బావి వద్దను, ఆ బిడ్డను "వలదనుకొన్నదానా" అని పిలుచుట! 2011 అక్టోబరులో ప్రభుత్వాధికారులు సభ జరిపి 285 మంది బాలికలకు క్రొత్త పేర్లు పెట్టిరి. తాము కోరుకొన్న పేర్లను ఆ బాలికలలో పలువురు తామే ఎన్నుకొనిరి. నామకరణమును పదునారు సంస్కారములలో చేర్చిన దేశమున అది రెండవసారి జరుపవలసి వచ్చినది.

అందుచేత మా వద్దకు వచ్చు దంపతులతో మేమిట్లు చెప్పుచున్నాము. హర్ష యన్నను, చైత్ర యన్నను, సాయి యన్నను శుభముగా పెట్టుకొనుడు. హర్షమనగా సంతోషము, అది మీ యింట కలిగినది గనుక ఆ పేరు తగినదే. చైత్రము సంవత్సరమునకు తొలి మాసము. పెద్దలు అడ్డు చెప్పినచో కోపగింపక, వారి పేర్లనే ఒకసారి వారితో విప్పి చూపుడు. చాలమంది నవ్వి ఒప్పుకొందురు. కాని "ఈసారియు ఆడపిల్లయే, కనీసము పేరైనను మగవాడిది ఉండనిండు" అని ఎవరైన అన్నచో, ఆ ముహూర్తమును మేము వ్రాయము. పదునొకండవ దినమున బియ్యములో ఉంగరముతో పేరు వ్రాసి, తండ్రి బిడ్డ చెవిలో మూడుమారులు చెప్పును. ఆ చెవిలో పడవలసినది పేరు మాత్రమే. దానితో కలిసి నిట్టూర్పు పడరాదు.

ఒక చిన్న విషయము మిగిలినది, అర్చన చేయించువారికి ఉపయోగపడును. గోత్రనామములు చెప్పునపుడు పేరు వినినంతనే మగవారో ఆడవారో తెలియని పక్షమున, ఆ సంగతిని కూడ అర్చకునకు చెప్పుడు. సంకల్పమున పురుషునకు నామధేయస్య యనియు, స్త్రీకి నామధేయవత్యాః అనియు చెప్పవలసి యుండును. విజయ, వసంత వంటివానికి స్త్రీ విషయమున చివర దీర్ఘమునిచ్చి విజయా, వసంతా అని పలుకుదురు. సింహాచలం అను అమ్మ వచ్చినచో ఆమె పేరును మార్చనక్కరలేదు, అమ్మ అనియో దేవి అనియో తగిలింపనక్కరలేదు. సింహాచల నామధేయవత్యాః అని చెప్పి, పుష్పము స్వామి పాదములపై ఉంచిన చాలును.